పాటతో పాటు కాగితం చదవడమూ నేర్పండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. టీవీ పోటీల్లో పేరు తెచ్చుకున్న గాయకులు ఆ తర్వాత ప్రకటనల్లో, రీల్స్‌లో, న్యాయనిర్ణేతల కుర్చీల్లో కనిపిస్తున్నారనీ, పాటను గాలికి వదిలేశారనీ పెద్దలు కొందరు నొచ్చుకోవడం ఈ మధ్య తరచూ వింటున్నాను. గవర్నరుపేటలో ఇరవై ఏళ్ళకు పైగా క్యాసెట్లు అమ్మినవాణ్ణి. వాళ్ళతో నేను గొంతు కలపలేను. పాట ఒక్కటే చేసుకుని కూర్చున్న పెద్ద గాయకులు మనకు ఎందరున్నారు?

ఘంటసాల గారు పాడుతూనే బాణీలు కట్టారు, సినిమాలు కూడా తీశారు. సత్తెనపల్లి నుంచి వెళ్ళిన మనో గారిని పాటల్లో విన్నట్టే, తెలుగు మాట్లాడే రజనీకాంత్‌లోనూ విన్నాం. గుంటూరు అమ్మాయి సునీత గారు పాడారు, కథానాయికలకు డబ్బింగ్ చెప్పారు, టీవీలో వ్యాఖ్యానం చేశారు. బాలు గారి సంగతి చెప్పనే అక్కర్లేదు.

విజయవాడ నుంచి వెళ్ళిన స్మిత గారి దారి మరీ విచిత్రం. 'పాడుతా తీయగా'లో పాడిన అమ్మాయి సినిమా పిలుపు కోసం ఎదురుచూడకుండా 2000లో 'హాయ్ రబ్బా' అంటూ సొంత ఆల్బమ్‌తో వచ్చింది. ఆ క్యాసెట్ ఏ అరలో పెట్టాలో నాకు తోచలేదు. సినిమా పాట కాదు. ప్రైవేటు పాటలంటే అప్పటికి నా కొట్లో అయ్యప్ప భజనలు, సుప్రభాతాలు. ఆ రెంటి మధ్యన పెట్టడానికి చేయి రాక గల్లా పెట్టె పక్కన నిలబెట్టాను. కాలేజీ పిల్లలు అక్కడి నుంచే పట్టుకుపోయారు. తర్వాత ఆవిడ పాత పాటల రీమిక్సులు చేశారు, వెండితెర మీద కనిపించారు, 2023లో ఓటీటీలో ప్రముఖులను ఇంటర్వ్యూ చేశారు. ఇందులో తప్పేముందో నాకు అర్థం కాదు. గొంతుకు నాలుగు చోట్ల పని దొరకడం మంచిదే కదా.

నా దిగులల్లా వేరే ఉంది. ఒకప్పుడు గొంతుకు తెరుచుకునే మొదటి తలుపు రేడియో. రేపల్లె దగ్గర పల్లపట్లలో పుట్టిన ఎస్. జానకి గారు ఆకాశవాణి పోటీలో బహుమతి అందుకున్నాకే సినిమాలకు వెళ్ళారు. 1948లో మొదలైన మన విజయవాడ కేంద్రం లలిత సంగీతానికి పుట్టిల్లు వంటిది. ఆడిషన్‌లో నెగ్గితే గ్రేడు ఇచ్చేవారు, పాడితే పారితోషికం ఇచ్చేవారు. చిన్న మొత్తమే, కానీ లెక్క తేటగా ఉండేది. ఇప్పుడు తలుపులు బోలెడు. ప్రతి తలుపు దగ్గరా సంతకం పెట్టమని ఒక కాగితం ఉంటుంది.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. బీరువా తలుపులు తెరిచి, చీరల మధ్య ఫోను ఆనించి పాటలు రికార్డు చేస్తుంది. చీరలు మోతను పీల్చుకుంటాయట, ఎవరు చెప్పారో గానీ నిజమే. ఆమె ఒక టీవీ పోటీకి ఎంపికైంది. క్యాసెట్లు అమ్మాను కాబట్టి నాకు తెలుస్తుందనుకుని వాళ్ళ నాన్న ఒప్పంద పత్రం తెచ్చి చూపించాడు. పదకొండు పేజీలు, మొత్తం ఇంగ్లీషే. సంతకాలు చేయవలసిన చోటల్లా పెన్సిలుతో ఇంటూ గుర్తులు మాత్రం ముందే పెట్టి పంపారు. కూడబలుక్కుని చదివితే ఏడో పేజీలో తేలింది: ఐదేళ్ళ వరకు ఆ అమ్మాయి బయట ఎక్కడ పాడాలన్నా నిర్వాహకుల అనుమతి కావాలి, వచ్చినదాంట్లో వాళ్ళకు వాటా ఇవ్వాలి. పెళ్ళి కచేరీ అయినా సరే!

ఆమెకు యూట్యూబ్‌లో చూసేవాళ్ళు బాగానే ఉన్నారు. కానీ పాడేవి సినిమా పాటలు. మాట, బాణీ ఆడియో సంస్థ చేతిలో ఉంటే, ప్రకటనల డబ్బు చాలావరకు అటే పోతుంది. సొంత పాట చేసుకుంటే కథ మారుతుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించాక, రికార్డయిన పాటను వ్యాపారానికి వాడుకుంటే గాయకులకూ రాయల్టీ ఇవ్వాలి. ఆ హక్కు 50 ఏళ్ళు ఉంటుంది. పాడింది తానేనని పేరు వేయమని అడిగే హక్కూ ఉంది. ఈ రాయల్టీల కోసం 2013లో ఇస్రా అనే గాయకుల సంఘం (రాకెట్ల ఇస్రో కాదు, ఆ అమ్మాయి నాన్న అలాగే విన్నాడు) ఏర్పడింది, ఇప్పుడది ఇసామ్రా పేరుతో పనిచేస్తోంది.

తెలియకపోవడం చిన్నవాళ్ళకే పరిమితం కాదు. 2017లో బాలు గారు అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని ఇళయరాజా గారి తరఫున నోటీసు వచ్చింది. ఇలాంటి చట్టం ఉన్నట్టు తనకు తెలియదని బాలు గారే రాశారు. వేల పాటలు పాడిన మనిషికే ఆ పరిస్థితి వస్తే బీరువా ముందు పాడే పిల్ల ఎంత?

విజయవాడలో ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఉంది. బాలమురళీకృష్ణ గారు తొలి ప్రిన్సిపాలుగా ఉన్న చోటు. అక్కడ నెలకొక ఆదివారం, చేరినవాళ్ళకే కాకుండా బయటి పిల్లలకూ, వాళ్ళ తల్లిదండ్రులకూ ఒక తరగతి పెట్టాలని సాంస్కృతిక శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. కాపీరైటు తెలిసిన ఒక న్యాయవాది, ఒక రికార్డింగ్ ఇంజినీరు, రేడియోలో రిటైరైన ఒకరు వస్తే చాలు. ఒప్పందం ఎలా చదవాలి, పాటను ఎవరి పేరున నమోదు చేయాలి, మైకు ముందు ఎలా నిలబడాలి, ఇవి తెలుగులో చెప్పాలి. డిగ్రీలు, సర్టిఫికెట్లు అక్కర్లేదు.

ఆ పదకొండు పేజీల నకలు, పేర్లన్నీ కొట్టేసి, నా దగ్గర ఉంచుకున్నాను. ఆ అమ్మాయి నాన్న ఇంకా సంతకం పెట్టలేదు. తరగతి ఎప్పుడు పెట్టినా మొదటి రోజు ఆ కాగితాలు తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక పాత క్యాసెట్ల కొట్టు యజమాని,
గవర్నరుపేట, విజయవాడ.