హాస్టల్ లైట్లు ఎన్నింటికి ఆర్పుతారు?

సంపాదకుడు గారికి,

మా అమ్మాయి విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. దసరా సెలవులకు ఇంటికొచ్చి, మొదటి రెండు రోజులూ అన్నానికి లేపితే తప్ప లేవలేదు. ఒంట్లో బాగోలేదేమోనని వాళ్లమ్మ కంగారుపడింది. జ్వరం లేదు, ఏమీ లేదు. నిద్ర బాకీ, అంతే.

ఉదయం ఐదింటికి వార్డెన్ తలుపు కొడతారట. ఐదూ ముప్పావుకల్లా స్టడీ అవర్‌లో కూర్చోవాలి. బాత్‌రూమ్ దగ్గర వరుసకు భయపడి నాలుగున్నరకే లేచే పిల్లలూ ఉన్నారు. రాత్రి స్టడీ అవర్ పదిన్నరకు వదిలాక, బట్టలు ఉతుక్కుని, వీకెండ్ టెస్టుకు నాలుగు ఫార్ములాలు చూసుకుని పడుకునేసరికి పదకొండున్నర. మిగిలింది ఐదున్నర గంటలు.

13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లోనే చెప్పింది. ఆ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. తెల్లవారుజామున లేవలేకపోతే బద్ధకమని తిట్టడం అన్యాయం. పగలు చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలో. రాత్రి పదిన్నరదాకా రుద్దిన ఫిజిక్స్ తెల్లారేసరికి నిలవలేదంటే వింతేముంది? కాలిఫోర్నియాలో 2022 జూలై నుంచి, పల్లెటూరి బళ్లకు మినహా, హైస్కూళ్లు ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టకూడదని చట్టమే ఉంది.

బ్రాహ్మీ ముహూర్తంలో చదివితే వంటబడుతుందని మా నాన్న నన్నూ నాలుగింటికే లేపేవారు. కాకపోతే మా ఇంట్లో రాత్రి ఎనిమిదింటికల్లా దీపం ఆర్పేసేవాళ్లం. కాలేజీలు ఆ ముహూర్తాన్ని పట్టుకుని ఈ దీపం సంగతి వదిలేశాయి.

తప్పు నాదీ ఉంది. అడ్మిషన్ రోజున స్టడీ అవర్లు ఎన్నని అడిగి, ఎక్కువ చెప్పిన చోటే చేర్చాను. లైట్లు ఎన్నింటికి ఆర్పుతారని అక్కడ కూర్చున్న తల్లిదండ్రుల్లో ఒక్కరమూ అడగలేదు. మొన్న ప్రిన్సిపాల్‌ గారిని కదిపితే, "మేం తగ్గిస్తే పక్క కాలేజీ పెంచుతుందండీ, మీరే పిల్లను అక్కడికి మారుస్తారు" అన్నారు. కాదనలేకపోయాను.

కనుక నిబంధన అందరికీ ఒకటే ఉండాలి. గుర్తింపు ఇచ్చేటప్పుడు భవనం, ల్యాబ్, అగ్నిమాపక శాఖ పత్రం అడిగే ఇంటర్ బోర్డు హాస్టల్ టైమ్‌టేబుల్ కూడా అడగాలి. రాత్రి పదికి లైట్లు ఆర్పాలి, ఉదయం ఆరుకు ముందు లేపకూడదు అని షరతు పెట్టాలి. తనిఖీకి మాత్రం అధికారులు పగటిపూట కాకుండా రాత్రి పదకొండింటికి రావాలి.

– ఒక విద్యార్థిని తండ్రి, తెనాలి