పెద్ద వీణల అమ్మకం, పార్సిళ్ల గురించి

బొబ్బిలి వీణలు చేసే మన గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. నిన్నటి వాదన చదివాను. ఆన్‌లైన్ అమ్మకాలు వచ్చాక దళారి పోయాడని కొందరు అన్నారు. పోలేదండీ, కమీషన్, రవాణా, వాపసు ఖర్చుల రూపంలో కూర్చున్నాడు. అయినా ఎక్కడో ఉన్న కొనుగోలుదారు మనతో నేరుగా మాట్లాడటం మాత్రం మంచి మార్పే. ఇదివరకు బొబ్బిలి, గొల్లపల్లి దాకా వచ్చినవారికే మన పనితనం తెలిసేది.

కానీ ఫోన్లో గిరాకీ అంతా జ్ఞాపికలుగా ఇచ్చే చిన్న వీణలదే. పనస దుంగను ఒకే ముక్కగా తొలిచి, మైనం మీద 24 మెట్లు (స్వరస్థానాల లోహపు పట్టీలు) అమర్చి, శ్రుతి సరిచూసిన ఏకాండి వీణను ఫోటో చూసి ఎవరు కొంటారు? పని నేర్చుకునే పిల్లలు బొమ్మ వీణలతోనే ఆగిపోతే మెట్లు కట్టే చేయి ఎలా తయారవుతుంది? నా బెంగంతా అదే. అందుకే పెద్ద వీణకు మీటిన వీడియో పెట్టండి, వెనుక మిక్సీ మోత లేకుండా!

పార్సిల్‌లో వీణ చివర చెక్కే యాళి (సింహం లాంటి పురాణ జంతువు) తల, తీగలు బిగించే బిరడాలు విరిగే ప్రమాదం ఎక్కువ. వాటికి విడిగా మెత్త చుట్టి, మూసే ముందు వీడియో తీసి ఉంచండి. వాపసు తగాదా వస్తే అదే సాక్ష్యం.

పన్ను సంగతి: 2023 అక్టోబర్ 1 నుంచి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి లోపు వ్యాపారం ఉన్నవారు రిజిస్ట్రేషన్ లేకుండానే, జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య తీసుకుంటే చాలు, రాష్ట్రం లోపల సైట్ల ద్వారా అమ్ముకోవచ్చు. ఇతర రాష్ట్రాలకు పంపేవారు ముందుగా ఆడిటర్‌ను అడగండి.

మన వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది. వేరేచోట చేసినవాటిని ఎవరైనా బొబ్బిలి వీణ పేరుతో అమ్ముతుంటే లింకు ఇక్కడ పెట్టండి. శుభోదయం బొమ్మల మధ్య అది కనబడకుండా పోకూడదు సుమా.