గిన్నె అడుగున ఒక్క పేరే ఉంది

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో బల్గేరియా మట్టి గిన్నెల మీద అరపేజీ వ్యాసం వేశారు. బొమ్మలు బాగున్నాయి. ఆ దేశం గురించి తెలుగులో రాసేవాళ్ళే తక్కువ, అందుకు సంతోషం. కానీ రెండు మాటలు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. మొదటిది చిన్నది. ఫోటో కింద ‘పింగాణీ’ అని వేశారు. అది పింగాణీ కాదండీ, మట్టి. పైన గాజుపూత ఉంటుంది కాబట్టి అలా మెరుస్తుంది. అంచు పెచ్చు ఊడిందంటే లోపల మన కుండపెంకు రంగే కనిపిస్తుంది. రెండోది పెద్దది. ‘తండ్రి నుంచి కొడుక్కి వస్తున్న విద్య’ అని వ్యాసం ముగించారు. మరి ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఏం చేస్తున్నట్టు?

నాకెందుకింత పట్టింపంటే, మాది శాలివాహనుల ఇల్లు. మా నాన్న సారె తిప్పేవాడు. మన్నులో రాళ్ళు ఏరడం, తొక్కడం, ఆరిన కుండకి జాజు పూయడం, ఆవంలో పిడకలు పేర్చడం మా అమ్మ పని. సంతలో మాత్రం అవి నాన్న కుండలు. పోయినేడాది వేసవిలో మూడు నెలలు మా అమ్మాయి దగ్గర సోఫియాలో ఉన్నాను. ఒక శనివారం మా అల్లుడు ట్రోయాన్ తీసుకెళ్ళాడు. బాల్కన్ కొండల కింద చిన్న పట్నం. 1911లోనే అక్కడ కుండల పని నేర్పే బడి పెట్టారు. పక్కనే ఒరెషాక్ అనే ఊళ్ళో చేతిపనుల పెద్ద ప్రదర్శన ఉంటుంది, వచ్చినవాళ్ళందరూ అక్కడికే వెళ్తారు. మేమూ వెళ్ళాం. రెండు గంటలు తిరిగేసరికి నాకు కాళ్ళు పీకాయి. అసలు సంగతి నేను చూసింది తిరుగుదారిలో ఆగిన ఒక చిన్న పనిచోట.

లోపల భార్యాభర్తలిద్దరే ఉన్నారు. ఆయన సారె దగ్గర. వెనకటికి కాలితో తన్ని తిప్పేవారట, ఇప్పుడు మోటారు పెట్టుకున్నారు. ఆవిడ కిటికీ పక్కన, ఒళ్ళో పాత తువ్వాలు పరుచుకుని కూర్చుంది. చేతిలో సగం ఆరిన గిన్నె. వేలితో నొక్కితే సొట్ట పడదు, గోరు గుచ్చితే దిగుతుంది, అలాంటి పదును. అందులో మజ్జిగంత పల్చటి తెల్లమట్టి పోసి, గిన్నెని చుట్టూ ఒక్క తిప్పు తిప్పి, మిగిలింది వంపేసింది. ఆ తెలుపు ఆరకముందే రబ్బరు బుడ్డితో గోధుమరంగు, ఆకుపచ్చ, నీలం మట్టినీళ్ళు చుక్కలు చుక్కలుగా వదిలింది. వాళ్ళ అత్తగారి రోజుల్లో రబ్బరు బుడ్డి లేదు, ఆవుకొమ్ముకి చివర బాతు ఈక బిగించి దాన్లోంచి వదిలేవారట. తర్వాత సన్నటి పుల్ల ఒకటి తీసుకుని అంచు నుంచి నడిమికి గీసింది. అంతే, చుక్కలన్నీ సాగి ఈకల్లా అయిపోయాయి. ఒక గిన్నెకి రెండు నిమిషాలు పట్టిందేమో. ముగ్గులో గీత తప్పితే కాలితో చెరిపేసి మళ్ళీ వేస్తాం. ఇక్కడ ఆ వీలు లేదు. తడి ఉన్నంతసేపే ఆట. ఈ నమూనాకే ట్రోయాన్ కప్కా అని పేరు. కప్కా అంటే చుక్క అని మా అమ్మాయి చెప్పగానే నాకు నవ్వొచ్చింది, చుక్కల ముగ్గు కోసం ఇంత దూరం వచ్చానన్నమాట!

‘ఈ బొమ్మలన్నీ నువ్వే వేస్తావా అమ్మా?’ అని అమ్మాయి చేత అడిగించాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. కాదంటోంది కాబోలు, భర్త వేస్తే ఈవిడ సాయం పడుతోంది కాబోలు అనుకున్నాను. అమ్మాయి పకపకా నవ్వింది. ఆ దేశంలో తల అడ్డంగా ఊపితే అవునని, పైకెత్తితే కాదని! మొత్తం కొట్టులో ఉన్న గిన్నెలన్నిటి మీదా చెయ్యి ఆవిడదే. ఎవరు నేర్పారంటే అత్తగారు. ఆ అత్తగారికి వాళ్ళ అత్తగారు. మీ వ్యాసంలో తండ్రీ కొడుకుల వరస ఒక్కటే ఉంది, ఈ అత్తాకోడళ్ళ వరస లేదు.

రెండు గిన్నెలు కొన్నాను. ఒకటి తిరగేసి చూస్తే అడుగున వాళ్ళ అక్షరాల్లో పేరు గీసి ఉంది. అమ్మాయి చదివింది. బల్గేరియాలో ఇంటిపేర్లకి కూడా ఆడా మగా తేడా ఉంటుంది. మగవాళ్ళకి ‘ఓవ్’ అని ముగిస్తే, అదే ఇంటిపేరు భార్యకీ కూతురికీ ‘ఓవా’ అవుతుంది. గిన్నె అడుగున ఉన్నది ‘ఓవ్’. ‘నీ పేరేదీ?’ అన్నాను. ఆవిడ ఆ ప్రశ్నే వింతగా ఉన్నట్టు చూసింది. ‘కుండ చేసింది ఆయన కదా’ అంది. మా అమ్మా సరిగ్గా ఇదే అనేది. ఆయన్ని తప్పుపట్టడం లేదు. గిన్నె గోడ అంత పల్చగా లాగడం నాకు తెలిసిన పనే, మామూలు విషయం కాదు. కానీ జనం కొనేది ఆ చుక్క చూసే కదా!

ఇది ఇవాళ్టి అలవాటు కూడా కాదు. తురుష్కుల ఏలుబడిలో అక్కడ వృత్తిపనివాళ్ళకి ఎస్నాఫ్ అనే సంఘాలుండేవి. శిష్యుడిగా చేరి, పనివాడై, చివరికి ‘మాయిస్టర్’ (చెయ్యి తిరిగిన పెద్దపనివాడు) అనిపించుకోవడం అంతా మగపిల్లల దారి. సంతకెళ్ళి బేరమాడేదీ వాళ్ళే. చాలా ఇళ్ళల్లో మట్టి పూతా, రంగూ, గాజుపూతా ఇంటి ఆడవాళ్ళ చేతుల మీదే నడిచినా అది ఇంటిపని కిందే జమ. వెనకటి గాజుపూతలో సీసం కలిసేది, అది పూసిన చేతుల గురించి కూడా ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. (మాటవరసకి చెబుతున్నాను, ఎవరికైనా పాత బల్గేరియా గిన్నె దొరికితే అందులో చింతపండు పులుసు పోయకండి. గోడకి తగిలించుకోండి.)

మీ వ్యాసంలో అసలే లేనిది ఇంకొకటుంది. మా అమ్మాయి కింద వాటాలో ఒక ముసలావిడ ఉంది. అక్కడ అమ్మమ్మనీ నాయనమ్మనీ ‘బాబా’ అంటారు. నేను మొదట్లో షిర్డీ భక్తురాలేమో అనుకున్నాను! ఆవిడది పడమటి సరిహద్దులో ట్రన్ పక్క పల్లె. ఆ చుట్టుపక్కలే బుసింత్సి అని కుండలకి పేరుమోసిన ఊరుంది. అక్కడా సారె మగవాళ్ళదే. అయితే ఈ బాబా బాల్కనీలో ఒక మందపాటి మట్టి పళ్ళెం ఉంది. పోద్నిత్సా అంటారు. ఇప్పుడు దాన్లో పూలమొక్క పెట్టింది గానీ, ఒకప్పుడు దాన్ని నిప్పుల మీద బాగా కాల్చి, పిండిముద్ద వేసి, పైన మూకుడులాంటి మూత బోర్లించి, మూత మీద కూడా నిప్పులు పోసి రొట్టె కాల్చేవారు. ఈ పళ్ళేనికి సారెతో పనిలేదు. ఎర్రమన్నులో మేకవెంట్రుకలు కలిపి, ఆడవాళ్ళు చేరి కాళ్ళతో తొక్కి, చేతులతో అద్ది చేసేవారు. అది పూర్తిగా ఆడవాళ్ళ కుండపని. దానికి మే 1న ఎరెమీయా పండగ మంచిరోజు. అదే రోజు ఇనప సామాను గణగణా కొడుతూ పాముల్ని ఇంటి చుట్టుపక్కల నుంచి తోలేస్తారు. మనం పుట్టలో పాలు పోస్తాం, వాళ్ళు పొమ్మంటారు.

ఆ పళ్ళెం అడుగున వేలితో గీసిన శిలువ గుర్తు ఉంది. ఆవిడ చూపుడువేలు అందులో పెట్టి చూపించింది. ఎనభై దాటిన వేలు, కాస్త వంకర తిరిగింది. ‘ఇది మా అమ్మ గీత. నా వేలికి ఒదులు’ అంది. పేరు రాయలేదుగానీ ఎవరి చెయ్యో ఆవిడకి తెలుసు.

అయ్యా, ఈ సంగతులన్నీ వ్యాసం రాసినవారికి తెలిసి తీరాలని నేననను. అనుబంధంలో చోటు తక్కువని కూడా తెలుసు. కానీ వచ్చే వారం ‘సవరణ’ కింద రెండు ముక్కలు వేయండి. పింగాణీ కాదు మట్టి అని ఒకటి. ఆ బొమ్మలు వేసే చేతుల్లో ఆడవాళ్ళవి చాలా ఉన్నాయని ఇంకొకటి. మన దగ్గర బోనాల కుండల ఫోటోలు వేసేటప్పుడు కూడా రంగులు వేసింది ఎవరని మీ విలేకరి ఒకసారి అడిగితే బాగుంటుంది.

నా గిన్నె అడుగు ఫోటో జతచేస్తున్నాను. అల్లుడు తీశాడు, కాస్త మసగ్గా వచ్చింది. ఇంటిపేరు కనిపించకుండా సగం వేలితో మూసి తీయమన్నాను, వాళ్ళని బజార్లో పెట్టడం నా ఉద్దేశం కాదు. ‘ఓవ్’ అన్న చివరి అక్షరాలు మాత్రం కనిపిస్తాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సామర్లకోట