నాలుగున్నర బెల్లుకు పిల్లల మెదడులో ఇంకా అర్ధరాత్రే

సంపాదకులకు,

హైదరాబాద్ నగరంలో, శివార్లలో ఉన్న అనేక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో తెల్లవారుజామున నాలుగున్నరకే బెల్లు కొడతారు. ఐదుకల్లా స్టడీ అవర్. రాత్రి పదకొండుకు గానీ లైట్లు ఆర్పరు. పొద్దున్నే చదివితే బుర్రకెక్కుతుందన్న నమ్మకంతో తల్లిదండ్రులూ దీన్ని ఒప్పుకుంటున్నారు. పదహారు, పదిహేడేళ్ల పిల్లల విషయంలో ఇది తప్పు లెక్క. ఎందుకో శరీరధర్మశాస్త్రం స్పష్టంగా చెబుతోంది.

రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు ఒకదాన్నొకటి దాటేచోటికి కాస్త పైన, మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగంలో, సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అనే రెండు చిన్న కణాల గుంపులు ఉంటాయి. రెండూ కలిపి సుమారు 20 వేల నాడీకణాలు. ఒంటికంతటికీ గడియారం ఇదే. నిద్ర, ఆకలి, ఒంటి వేడి, చురుకుదనం, చివరికి చిరాకు కూడా దీని వేళలను బట్టే నడుస్తాయి. కణం లోపల ఈ గడియారం ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అనే శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. మనుషుల్లో దాని సొంత చుట్టు సగటున 24 గంటల కంటే కొన్ని నిమిషాలు ఎక్కువ. అందుకే రోజూ వెలుతురు చూసి సరిచేసుకోవాలి.

యవ్వనంలోకి అడుగుపెట్టగానే ఈ గడియారం వెనక్కి జరుగుతుంది. నిద్రవేళను సూచించే మెలటోనిన్ అనే హార్మోన్ చిన్నపిల్లల్లో కంటే ఆలస్యంగా ఊరుతుంది. మేలుకున్నకొద్దీ పేరుకునే నిద్రమత్తు కూడా ఈ వయసులో నెమ్మదిగానే పేరుకుంటుంది. రాత్రి పదిన్నర దాకా కునుకు రాకపోతే అది బద్ధకం కాదు, పొగరూ కాదు, వయసు ధర్మం. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లోనే హైస్కూళ్లు ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టవద్దని చెప్పింది కూడా ఇందుకే.

ఇప్పుడు నాలుగున్నర సంగతి. ఒంటి వేడి బాగా తగ్గిపోయే ఘడియ ఒకటుంటుంది. మామూలుగా అది మనంతట మనం మేలుకునే వేళకు రెండు గంటల ముందు వస్తుంది. ఏడున్నరకు తనంతట తాను లేచే పిల్లవాడికి అది ఐదున్నర ప్రాంతం. చురుకుదనం అడుగంటేదీ అప్పుడే. సరిగ్గా ఆ వేళకే ఫిజిక్స్ లెక్కలు ముందు పెడుతున్నాం. స్టడీ హాల్లో ఐదుంబావుకు ఏ వరసలోనైనా ఒక నోటుబుక్కు తీసి చూడండి. రాస్తున్న అక్షరం సగంలో ఆగి, పెన్ను కిందికి జారి గీత పడి ఉంటుంది. కళ్లు తెరిచే ఉన్నా మెదడు కొన్ని సెకన్లపాటు నిద్రలోకి జారిన గుర్తు అది.

ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. ఒంటి వేడి అడుగంటే ఆ ఘడియ దాటాక పడే వెలుతురు గడియారాన్ని ముందుకు జరుపుతుంది. దానికి ముందు పడితే ఇంకా వెనక్కి నెడుతుంది. నాలుగున్నరకే ట్యూబ్‌లైట్ల కింద కూర్చోబెడితే ఆ పిల్లవాడికి మర్నాడు రాత్రి నిద్ర మరింత ఆలస్యం కావచ్చు. 'అలవాటవుతుందిలే' అనే వార్డెన్లు గమనించాల్సింది ఇదే.

ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. పదకొండున్నరకు కునుకు పట్టి నాలుగున్నరకు లేస్తే దక్కేది ఐదు గంటలు. గాఢనిద్ర ముందు గంటల్లో వస్తుంది కాబట్టి అది చాలావరకు దక్కుతుంది. కలల నిద్ర ఎక్కువగా ఉండేది చివరి గంటల్లో. బెల్లు కోసేసేది దాన్నే. ఆరు రోజులకు లోటు కనీసం 18 గంటలు. ఆదివారం మూడు గంటలు అదనంగా పడుకుంటే తీరే బాకీ కాదిది. నిద్ర కరవైతే భయాన్నీ కోపాన్నీ రేపే అమిగ్డాలా అనే మెదడు భాగం మీద, అదుపులో ఉంచే నుదుటి వైపు మెదడు పట్టు సడలుతుంది. చిన్న మాటకే ఏడుపు, ఎదురు తిరగడం, వారం పరీక్షలో మార్కులు తగ్గితే అంతా అయిపోయిందన్న దిగులు. వీటికి మందలింపు కంటే ముందు నిద్ర లెక్క చూడాలి.

పెద్దలు బ్రాహ్మీ ముహూర్తం మాట ఎత్తుతారు. ఆ మాటకు గౌరవమిచ్చే లెక్క వేద్దాం. అది సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలవుతుంది. జనవరిలో హైదరాబాద్‌లో పొద్దు పొడిచేది దాదాపు ఆరూ ముప్పావుకు. అంటే ముహూర్తం ఐదు దాటాకే. నాలుగున్నర బెల్లు దానికీ అరగంట ముందే మోగుతోంది. పైగా ఆ అలవాటున్న మన తాతలు రాత్రి ఎనిమిదికే పడుకునేవారు.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. రాత్రి తొమ్మిదిన్నరకు చదువు ఆపాలి, పదికి హాస్టల్ గదుల్లో లైట్లు ఆర్పాలి, పొద్దున బెల్లు ఆరున్నరకు కొట్టాలి. లేచిన గంటలోపు అరగంట ఆరుబయట నడిపించాలి. తరగతి గదిలో వెలుతురు మూడు, నాలుగు వందల లక్స్‌కు (వెలుతురును కొలిచే ప్రమాణం) మించదు. మబ్బు పట్టిన రోజైనా బయట అది వేలల్లో ఉంటుంది. గడియారాన్ని సరిదిద్దేది ఆ వెలుతురే. సాయంత్రం ఐదింటి టీ మానిపించాలి. అందులోని కెఫీన్ సగం రాత్రి పదికి కూడా ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఇరవై నిమిషాల కునుకు చాలు. అంతకు మించితే లేచాక మత్తు వదలదు. ఆదివారం కూడా మామూలు వేళకు గంట కంటే ఆలస్యంగా లేవనివ్వకూడదు. వేళలు మార్చేటప్పుడు ఒక్కసారిగా కాకుండా రెండు, మూడు రోజులకో పావుగంట చొప్పున జరపాలి.

ఇంటర్ పబ్లిక్ పరీక్ష ఉదయం తొమ్మిదికి మొదలవుతుంది. మెదడు పదునుగా ఉండాల్సింది ఆ వేళకు. పొద్దున ఆరున్నరకు ముందు, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఏ రెసిడెన్షియల్ కాలేజీలోనూ స్టడీ అవర్ ఉండకూడదని ఇంటర్మీడియట్ బోర్డు ఈ విద్యాసంవత్సరంలోనే ఉత్తర్వు ఇవ్వాలని, తనిఖీకి వెళ్లే అధికారులు హాస్టల్ టైంటేబుల్‌తో పాటు లైట్లు ఆర్పే వేళను కూడా స్వయంగా చూడాలని కోరుతున్నాం.

– శరీరధర్మశాస్త్ర అధ్యాపకులు, హైదరాబాద్