రాగి అయిపోయే ఏడాది ఎక్కణ్నుంచి వచ్చింది?

ఎడిటర్ గారికి,

నమస్కారం. రాగి ఇంకో నలభై ఏళ్లలో అయిపోతుందని కంప్యూటర్ తేల్చినట్టు మొన్న మీ పత్రికలో వచ్చింది. గనుల్లో నిల్వలు లెక్కగట్టే పనిలో 28 ఏళ్లు ఉన్నవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

ఆ నలభైకి కంప్యూటర్ అక్కర్లేదు. ప్రపంచంలో రాగి నిల్వలు, అంటే ఇప్పటి ధరకు తవ్వితే గిట్టుబాటయ్యేవి, సుమారు 98 కోట్ల టన్నులు. 2024లో తవ్వింది దాదాపు 2.3 కోట్ల టన్నులు. భాగిస్తే 42 చిల్లర వస్తుంది, అంతే. ఎదుగుదలకు హద్దులున్నాయని చెప్పిన 1972 నాటి 'ది లిమిట్స్ టు గ్రోత్' పుస్తకంలోని పట్టికలోనూ ఇదే భాగహారం ఉంది. అప్పటి జవాబు 36 ఏళ్లు. ఆ లెక్కన 2008కే రాగి కనుమరుగై ఉండాలి. అయిదు దశాబ్దాలు తవ్వాక చూస్తే నిల్వలు అప్పటికి మూడింతలు.

తవ్వేకొద్దీ నిల్వ ఎలా పెరుగుతుందో నేను కళ్లారా చూశాను. ఒకసారి రాగి ధర బాగా పెరిగింది. కటాఫ్ గ్రేడ్‌ను, అంటే రాయిలో కనీసం ఇంత రాగి ఉంటేనే తవ్వాలనే హద్దును, 0.5 శాతం నుంచి 0.4కి దించి నిల్వలు లెక్కగట్టే ప్రోగ్రాం మళ్లీ నడపమన్నారు. గని పటంలో పొద్దున వ్యర్థంగా బూడిద రంగులో ఉన్న గళ్లు సాయంత్రానికి స్క్రీన్ మీద ఖనిజంగా ఎర్రబడ్డాయి. కొత్తగా ఒక్క బోరు కూడా వేయలేదు.

అలాగని బెంగ లేదనుకోకండి. నా భయమంతా ఆ గ్రేడ్ గురించే. 1 శాతం రాయి వంద టన్నులు పిండి చేస్తే టన్ను రాగి. 0.4 శాతం రాయైతే 250 టన్నులు కావాలి, మిల్లులో పోయేది కాక. ఆ కరెంటు, ఆ నీళ్లు, ఆ వ్యర్థాల గుట్టలు మనమే భరించాలి. ఆ 1972 పుస్తకం రాసిన బృందం వాడిన వరల్డ్3 అనే కంప్యూటర్ మోడల్ ఖనిజాలన్నిటినీ ఒకే కుప్పగా పోసినా, ఈ సంగతి మాత్రం పట్టుకుంది: మిగిలింది తగ్గేకొద్దీ దాన్ని తీయడానికే పెట్టుబడి ఎక్కువెక్కువ పోతుంది. జనానికి పట్టికలోని ఏళ్లే గుర్తుండిపోయాయి, ఇది మరుగున పడింది. ఇంత విలువైన పాఠం అలా పోవడం నాకు నిజంగా బాధ.

మీ వార్త చూశాక మనవరాలి ల్యాప్‌టాప్‌లో చిన్న లెక్క వేశాను. కనుగొన్నవీ, కనుగొనాల్సినవీ కలిపి 560 కోట్ల టన్నులని అమెరికా భూగర్భ సర్వే 2015 అంచనా. దాన్నే తీసుకున్నాను. వాడకం పెరగకపోతే 243 ఏళ్లు. ఏటా 2 శాతం పెరిగితే 90 లోపే. 3 శాతమైతే సుమారు 70. ఒక్క శాతం తేడాకి దాదాపు ఇరవై ఏళ్లు గల్లంతు! పాత తీగలు కరిగించి వాడుకునే రాగిని ఇందులో కలపనేలేదు.

అందుకే అడుగుతున్నాను. ఇకపై ఇలాంటి ఏడాది ఏదైనా అచ్చువేస్తే, దాని పక్కనే ఏ నిల్వ తీసుకున్నారో, వాడకం ఎంత పెరుగుతుందనుకున్నారో, రీసైక్లింగ్ కలిపారో లేదో కూడా వేయండి. రెండు లైన్లు చాలు. నా స్ప్రెడ్‌షీట్ మీ విలేకరికి పనికొస్తుందంటే సంతోషంగా పంపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ గని ఇంజినీరు