నాలుగు క్యాసెట్ల ఋణం

నిన్న రాత్రితో నాలుగో క్యాసెట్ కూడా తెలుగులోకి వచ్చేసింది. ఇందులో నా కష్టం తక్కువ. పడ్డవాళ్లకి దణ్ణం పెట్టుకోవడానికే ఈ నాలుగు ముక్కలు.

క్యాసెట్లలో గొంతు టిబెట్ రాజధాని లాసాలో పన్నుల లెక్కలు చూసే త్సిఖాంగ్ కచేరీలో పనిచేసిన చిన్న అధికారిది. ఇచ్చింది ఆయన కొడుకు, ఏటా చలికాలం కర్ణాటకలోని టిబెటన్ల కాలనీ బైలకుప్పె నుంచి విజయవాడ వచ్చి స్వెటర్లు అమ్మే అంకుల్. చంకలో పిల్లాడిగా తల్లితో 1959లో సరిహద్దు దాటారు. తండ్రిని మళ్లీ చూసింది ఎనభైల్లో, ఆయన ఇండియా రాగలిగినప్పుడు. అప్పుడు చేసినవే ఈ రికార్డింగులు.

అంకుల్, మీకు ఏమని చెప్పను! కొట్టు కట్టేశాక రోజూ మా ఇంటికొచ్చి టిబెటన్‌ని హిందీలో విప్పి చెప్పారు. ఆ కచేరీలో గులకరాళ్లు, గింజలు, పింగాణీ పెంకులతో లెక్కకట్టేవారంటే నాకు బుర్రకెక్కలేదు. మా అమ్మనడిగి చింతపిక్కలు, శనగలు, పగిలిన కప్పు ముక్కలు తెప్పించి, భోజనాల బల్లమీద ఒక ఊరి బార్లీ పన్ను తేల్చి చూపించారు.

1950 అక్టోబరులో తూర్పు టిబెట్‌లోని చామ్‌దో చైనా సైన్యానికి పడిపోయిన కబురు టేపులో రెండు మాటల్లో అయిపోతుంది. 1959 మార్చి మాత్రం గంటసేపు. దలైలామా వేసవి నివాసం నార్బులింకా చుట్టూ మూగిన జనంలో ఆయనా ఉన్నారు. దలైలామా 17 రాత్రే మారువేషంలో వెళ్లిపోయారని బయటివాళ్లకి తెలీదు. 20 తెల్లవారుజామున చైనా సైన్యం ఫిరంగులు మొదలయ్యాయి. "ఖాళీ ఇంటికి కాపలా కాశాం" అంటారు. తర్వాత జైలు, నాచెన్ జలవిద్యుత్ కేంద్రం దగ్గర మట్టిపని. "రాళ్లతో లెక్కలు కట్టేవాణ్ణి, రాళ్లు మోశాను" అని నవ్వుతారు కూడా.

ఒకచోట నేను తప్పుచేశాను. పాత టిబెట్‌లో అధికారి ప్రయాణానికి ఊళ్లవాళ్లు గుర్రాలు, మనుషులు కూలి లేకుండా ఇవ్వాల్సి వచ్చేది. దాన్ని 'ఉలా' అనేవారు. నేను 'గ్రామస్థుల సహకారం' అని రాశాను. అంకుల్‌కి కోపమొచ్చింది. "పాలా (నాన్న) దాచలేదు, నువ్వెందుకు దాస్తావ్?" అన్నారు. నిజాం కాలంలో తెలంగాణలో వెట్టి ఉండేదని చెప్తే, అదే రాయమన్నారు. పాత టిబెట్ స్వర్గమనేవాళ్లకీ, నరకమనేవాళ్లకీ ఈ పేజీ నచ్చదేమో. నచ్చకపోనీ.

బూజుపట్టిన మూడో టేపుని దూదితో తుడిచి తిరగచుట్టిన రేడియో రిపేరు బాబాయ్ పైసా పుచ్చుకోలేదు. బాబాయ్, మొదటి కాపీ మీకే.

ఆ టేపులో రెండు నిమిషాలు మాత్రం పోయాయి, జైలు భాగంలోనే. మీకు గుర్తున్నంత చెప్పండి, పూరిస్తానన్నాను. అంకుల్ వద్దన్నారు. అక్కడ సగం పేజీ తెల్లగానే వదిలేశాను.