ఆట ముగిసిన తరువాతి పది నిమిషాల గురించి: టెక్సాస్ విద్యా కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన టెక్సాస్ రాష్ట్ర విద్యా కమిషనర్ గారికి,

నమస్కారం. ఈ రాష్ట్రంలో ఒక ప్రభుత్వ హైస్కూలు జట్టులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్న 16 ఏళ్ల కుర్రాడికి తండ్రిని. మూడేళ్లుగా సీజన్ వచ్చిందంటే మా శుక్రవారం రాత్రులు స్టేడియం మెట్ల మీదే గడుస్తున్నాయి. ఈ ఆట మీద నాకు కోపం లేదు. తెల్లవారకముందే ఎవరూ లేపకుండా లేచి వ్యాయామానికి వెళ్లే అలవాటు మా అబ్బాయికి నేర్పింది ఈ ఆటే.

గత సీజన్‌లో ఒక ఆట చివరి నిమిషంలో, మావాడు అడ్డుకోవలసిన ఆటగాడు వాణ్ని దాటుకుని వెళ్లి బంతి విసిరి మా ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టాడు. బంతి చేజారింది, 3 పాయింట్ల తేడాతో ఆట పోయింది. లాకర్ రూమ్‌లో ఏం జరిగిందో నాకు తెలియదు. మావాడు మాత్రం అందరికంటే ఆఖరున బయటికి వచ్చి కారెక్కి, మణికట్టుకు చుట్టిన టేపు అంచును గోటితో లేపుతూ, మళ్లీ అతికిస్తూ, ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు. వాళ్లమ్మ అడిగితే ఒక్కటే మాట అన్నాడు: "నావల్లే ఓడిపోయారు." 'ఓడిపోయాం' అనలేదు. మూడేళ్లు కలిసి ఆడిన జట్టులోంచి ఆ ఒక్క మాటతో తనను తాను తీసేసుకున్నాడు.

ఆ మాట నన్ను వదలలేదు. 1976లో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్దినీ, ఆయన సహచరులు ప్రచురించిన ఒక పరిశోధన గురించి అప్పుడే చదివాను. తమ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ ఆట గెలిచిన తరువాత వచ్చే సోమవారం విద్యార్థులు దాని పేరున్న దుస్తులు ఎక్కువగా వేసుకునేవారట. గెలిచిన ఆట గురించి అడిగితే 'మనం' అనడం, ఓడిన ఆట గురించి అడిగితే ఆ మాట తగ్గిపోవడం కూడా వారు గమనించారు. మెట్ల మీద కూర్చున్న మాకు ఆ వెసులుబాటు ఉంది, ఓడిన రాత్రి 'వాళ్లు' అనుకుని ఇంటికి పోగలం. 2012లో అలెన్ పట్టణంలో దాదాపు 6 కోట్ల డాలర్లతో 18,000 మంది పట్టే హైస్కూలు స్టేడియం కట్టుకున్న రాష్ట్రం మనది. అంతమంది ఒక్కసారిగా 'వాళ్లు' అనుకుంటూ లేచి వెళ్లిపోతే మిగిలిన భారమంతా హెల్మెట్ చేతిలో పట్టుకుని నిలబడ్డ పిల్లల మీదే పడుతుంది.

ఓటమి కంటే, దానికి కారణంగా పిల్లవాడు ఏది నమ్ముతాడన్నదే ముఖ్యమని బెర్నార్డ్ వైనర్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎన్నడో చెప్పారు. 'కాలు ఆలస్యంగా కదిపాను' అనుకున్నవాడు సోమవారం ఆ కాలు మీద పని చేస్తాడు. 'నాకు చేతకాదు' అనుకున్నవాడికి చేయడానికి పనేమీ మిగలదు. ఈ రెండింటిలో ఏది మనసులో నాటుకుంటుందో తేల్చేది చాలాసార్లు ఆట ముగిశాక కోచ్ నోట వచ్చే మొదటి మాటలేనని నా నమ్మకం.

గెలుపు కూడా అంత అమాయకమైనది కాదు. కాలిఫోర్నియాలోని డి లా సాల్ హైస్కూలు 1992 నుంచి 2004 వరకు వరుసగా 151 ఆటలు గెలిచింది. ఆ పరంపర తెగిన రోజు మైదానంలో ఉన్న పిల్లలు అది మొదలైనప్పుడు ఇంకా అక్షరాలు దిద్దుకునే వయసువారు. తాము మొదలుపెట్టని గెలుపును తమ చేతుల్లో పోగొట్టుకోకూడదన్న భయంతో ఆడడం ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి. మన రాష్ట్రంలోనే 2013లో అలీడో హైస్కూలు జట్టు 91-0తో గెలిచినప్పుడు, ఇది వేధింపేనంటూ అవతలి జట్టు పిల్లవాడి తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదు వచ్చింది. విచారణలో కోచ్ తప్పు లేదని తేలింది, అది న్యాయమే. అయితే ఆ రాత్రి రెండు లాకర్ రూముల్లోనూ పిల్లలకు ఏం చెప్పారన్నదే నేను అడగాలనుకునే ప్రశ్న.

ఇది నేర్పించగలిగిన విద్యే. రోనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లల బేస్‌బాల్ కోచ్‌లకు మెచ్చుకోవడం, ధైర్యం చెప్పడం, తప్పును దిద్దడం ఎలాగో శిక్షణ ఇచ్చి చూశారు. వారి బృందం 1992లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర ఆడినవారిలో మరుసటి ఏడాది ఆట మానేసినవారు 5 శాతం, మిగిలిన కోచ్‌ల దగ్గర 26 శాతం. ఆ తేడా గెలుపోటముల వల్ల వచ్చింది కాదు.

తలకు దెబ్బ తగిలితే గుర్తించడంపై మన కోచ్‌లకు 2011 నాటి చట్టం శిక్షణను తప్పనిసరి చేసింది. చదువులో తప్పినవారిని ఆడనివ్వకూడదని 1984లోనే ఈ రాష్ట్రం నిర్ణయించింది. అప్పుడు ఎంత వ్యతిరేకత వచ్చినా ఆట ఆగిపోలేదు. ఈ రాష్ట్రంలో పాఠశాలల పోటీలను నడిపే యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్ నియమాలకు మీ ఆమోదం కావాలి గనుక ఈ లేఖ మీకే రాస్తున్నాను. గెలిచిన, ఓడిన పిల్లలతో ఎలా మాట్లాడాలో చెప్పే శిక్షణను తలదెబ్బల శిక్షణతో సమానంగా ప్రతి కోచ్‌కూ తప్పనిసరి చేయండి. పిల్లల తప్పుల విశ్లేషణను ఆట ముగిసిన రాత్రి కాక మరునాడు, వీడియో ముందు కూర్చుని చేయమని సూచించండి. కోచ్ పనితీరును లెక్కగట్టేటప్పుడు గెలిచిన ఆటలతో పాటు, మరుసటి ఏడాది ఎందరు పిల్లలు తిరిగి జట్టులోకి వచ్చారో కూడా చూడమని పాఠశాల జిల్లాలకు చెప్పండి.

ఆగస్టులో ప్రాక్టీసు మళ్లీ మొదలవుతుంది. ఆలోగా తల్లిదండ్రులనూ కోచ్‌లనూ పిలిచి ఒక్క సమావేశం పెడితే, మావాణ్ని వెంటబెట్టుకుని నేనూ వస్తాను.

ఇట్లు,
ఒక హైస్కూలు ఫుట్‌బాల్ ఆటగాడి తండ్రి